నెట్టు ఎత్తు ఎంత?

(పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, రోడ్ల గురించో వంతెనల గురించో ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. రోడ్ల గురించి మొదలుపెడితే మొట్టమొదటి ప్రశ్న మన ఊరి రోడ్డు మీదే వస్తుందని నాకు తెలుసు. అందుకని ఆ విషయం పక్కనపెట్టి, ఆటలాడేవాడి కంటికి ఏం కనిపిస్తుందో దాని గురించి మాట్లాడతానన్నాను. "నీకూ ఆటలకీ ఏమిటయ్యా సంబంధం?" అన్నారాయన. సంబంధం ఉంది. ఈ బడి గ్రౌండులో నాకో పాత బాకీ ఉంది. నలభై ఏళ్ళ బాకీ. దాన్ని తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు దొరకదు.

1984 చలికాలం. నేను పదో తరగతి. గ్రిగ్స్ పోటీల్లో మన బడి వాలీబాల్ ఫైనల్ దాకా వెళ్ళడం అదే మొదటిసారి. నేను కెప్టెన్ని. బంతి లేపేవాణ్ణి నేను, దాన్ని నెట్టు మీదుగా దించేవాడు మా అయిదో నంబరు. వాడి పేరు చెప్పను. ఈ సభలోనే ఉన్నాడు, మా బ్యాచ్ వాళ్ళందరికీ ఎవరో తెలుసు. ఆ రోజుల్లో వాడు ఎగిరి కొడితే బంతి అవతలి గీత లోపల మట్టి లేపేది. డ్రిల్లు మాస్టారు మా మిగతా అయిదుగురి మీదా కేకలు వేసేవారు గానీ, వాణ్ణి మాత్రం "కొట్టరా నాయనా" అనే అనేవారు.

ఫైనల్లో మొదటి సెట్టు మేం గెలిచాం. కోర్టు వైపులు మారాం. అక్కణ్ణించి వాడికి ఏమైందో తెలియదు. వరసగా నాలుగు బంతులు నెట్టుకి కొట్టాడు. అయిదోది లేపబోతుంటే చెయ్యెత్తి ఆట ఆపించాడు. రెఫరీ దగ్గరికి వెళ్ళి, "సార్, ఈ వైపు నెట్టు ఎత్తుగా ఉంది" అన్నాడు.

రెఫరీ మంచివాడు. విసుక్కోకుండా గీత గీసిన కర్ర తెప్పించి, నెట్టు మధ్యలోనూ రెండు చివర్లలోనూ పెట్టి చూపించాడు. సరిగ్గా గీతకి తగిలింది. చుట్టూ ఉన్న జనం గొల్లున నవ్వారు. అవతలి జట్టు నవ్వింది. చివరికి మేమూ నవ్వాం. ఆ సెట్టు పోయింది, మూడోదీ పోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాడికి "ఎత్తు నెట్టు" అని పేరు పెట్టింది నేనే. ఆ పేరు పదో తరగతి పరీక్షల దాకా వాణ్ణి వదల్లేదు. సంక్రాంతి తర్వాత పక్క ఊరితో ఆట ఉంటే, ఆడేవాళ్ళ పేర్లు రాస్తూ వాడి పేరు రాయలేదు. వాడు అడగలేదు. మళ్ళీ కోర్టులోకి రాలేదు.

నేను ఇంజనీరింగ్‌కి వెళ్ళాను, కొలతలతో బతికాను. ముప్పై ఏళ్ళలో నేను నేర్చుకున్న మొదటి సూత్రం, కంటిని నమ్మకు, కొలిచి చూడు అని. ఆ సూత్రం మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. అయితే అందులో ఒక లొసుగు ఉందని తెలుసుకోవడానికి నా మోకాలు అరగాల్సి వచ్చింది.

మూడేళ్ళ కిందట కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. తర్వాత నడక నేర్పించడానికి ఒక ర్యాంపు దగ్గరికి తీసుకెళ్ళారు. దాన్ని చూడగానే నాకు గుండె జారింది. "ఇది ఎవరు కట్టారయ్యా, ఇంత నిటారుగా?" అన్నాను. నా సర్వీసులో నేను కట్టించిన ర్యాంపులకి లెక్క లేదు. చక్రాల కుర్చీ వెళ్ళే ర్యాంపు 12 అడుగుల పొడవుకి 1 అడుగు కన్నా ఎక్కువ లేవకూడదు. ఇది కచ్చితంగా దాన్ని మించిందని నాకు అనిపించింది. అలవాటు కొద్దీ ఫోన్ తీసి, అందులోని వాలు కొలిచే సదుపాయంతో చూశాను. 5 డిగ్రీలకి కాస్త తక్కువ. 12కి 1 అంటే సరిగ్గా అంతే. ర్యాంపులో ఏ తప్పూ లేదు. నా పక్కనున్న కుర్రాడు నవ్వు ఆపుకుంటున్నాడు. ఆ నవ్వు నాకు ఎక్కడో విన్నట్టు అనిపించింది.

మంచం మీద ఉన్న ఆ రెండు నెలలూ ఈ సంగతే చదివాను. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో డెనిస్ ప్రాఫిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. ఆయన బృందం 1990లలో విద్యార్థుల్ని కొండవాలుల ముందు నిలబెట్టి, ఇది ఎంత వాలు ఉంటుందో చెప్పమంది. 5 డిగ్రీల వాలుని జనం సుమారు 20 డిగ్రీలన్నారు. 10 డిగ్రీల వాలుని 30 దగ్గర చెప్పారు. మామూలు ఆరోగ్యంతో, కాళ్ళు బాగున్న కుర్రాళ్ళు చెప్పిన మాట ఇది. అంటే నా ర్యాంపు నాకొక్కడికే కాదు, ఎవరికైనా నిటారుగానే కనిపిస్తుంది.

1999లో ప్రాఫిట్, భల్లా కలిసి ఇంకో అడుగు ముందుకు వేశారు. వీపుకి బరువైన సంచి తగిలించుకున్నవాళ్ళు, బాగా దూరం పరుగెత్తి అలిసిపోయినవాళ్ళు, ఒళ్ళు అంతగా సాధనలో లేనివాళ్ళు, ఆరోగ్యం తగ్గిన వృద్ధులు అదే కొండని మరింత నిటారుగా చెప్పారు. ఇంకో విచిత్రం ఉంది. చేతి కింద వంగే పలక ఒకటి పెట్టి, చేతి వైపు చూడకుండా, కొండ ఎంత వాలుందో అరచేత్తో చూపించమంటే అదే మనుషులు వాస్తవానికి చాలా దగ్గరగా చూపించారు. అలిసినా, బరువు మోసినా ఆ చెయ్యి పెద్దగా మారలేదు. నోరు చెప్పే కొలత ఒకటి, చెయ్యి చూపే కొలత ఒకటి. ఆ కొండ ఎక్కితే ఎంత శ్రమో, ఎక్కేవాడి దగ్గర ఎంత శక్తి ఉందో, అదంతా కలుపుకుని మనకి కొండ కనిపిస్తుందని ప్రాఫిట్ వాదం.

ఇక్కడి నుంచి ఆటగాళ్ళ దగ్గరికి వద్దాం. 2005లో ప్రాఫిట్, ఆయన శిష్యురాలు జెస్సికా విట్ సాఫ్ట్‌బాల్ మైదానాలకి వెళ్ళారు. సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్ లాంటి ఆట, బంతి చుట్టుకొలత 12 అంగుళాలు. ఆట ముగించుకుని వస్తున్న ఆటగాళ్ళకి, రకరకాల పరిమాణాల్లో నల్లటి వృత్తాలు గీసిన అట్ట చూపించి, "ఇందులో మీ బంతి సైజు ఏది?" అని అడిగారు. ఆ రోజు బాగా కొట్టినవాళ్ళు పెద్ద వృత్తాన్ని చూపించారు. సరిగ్గా తగలనివాళ్ళు చిన్నదాన్ని చూపించారు. మన క్రికెట్ ఆటగాళ్ళు ఈ మాట ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. సెంచరీ కొట్టిన రోజున "బంతి ఫుట్‌బాల్ అంత కనిపించింది" అంటారు. అది గొప్ప కోసం చెప్పిన మాట అనుకునేవాళ్ళం.

తర్వాత 2008లో గోల్ఫ్ ఆటగాళ్ళని అడిగారు. గోల్ఫ్ గుంట వ్యాసం 10.8 సెంటీమీటర్లు, అన్ని చోట్లా అదే. ఆ రోజు బాగా ఆడినవాళ్ళు గుంటని పెద్దదిగా చూపించారు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. గోల్ఫ్‌లో ప్రతి ఆటగాడికీ వాడి దీర్ఘకాలపు సామర్థ్యాన్ని చెప్పే హ్యాండికాప్ అనే అంకె ఉంటుంది. ఆ అంకెకీ గుంట సైజుకీ సంబంధం కనబడలేదు. ఆ రోజు ఆటకీ గుంటకీ మాత్రమే సంబంధం కనబడింది. అంటే గొప్ప ఆటగాడికి గుంట ఎప్పుడూ పెద్దదిగా ఉండదు. ఇవాళ బాగా ఆడుతున్నవాడికి ఇవాళ పెద్దదిగా ఉంటుంది.

ఇక మూడోది, నన్ను మంచం మీంచి లేచి కూర్చునేలా చేసింది. 2009లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విట్, డార్ష్ చేసిన ప్రయోగం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో రెండు నిలువు స్తంభాలు, వాటి మధ్య ఒక అడ్డబద్ద ఉంటాయి. బంతిని కాలితో తన్ని, అడ్డబద్ద మీదుగా, రెండు స్తంభాల మధ్య నుంచి పంపాలి. ఆ ఆటలో ఆరితేరనివాళ్ళని పిలిచి, చేతికి ఒక చిన్న నమూనా ఇచ్చి, ఎదురుగా కనిపిస్తున్న స్తంభాల కొలతలకి తగ్గట్టు సర్దమన్నారు. తర్వాత ఒక్కొక్కరితో పదేసి సార్లు తన్నించి, మళ్ళీ సర్దమన్నారు. తన్నకముందు వాళ్ళు చెప్పిన కొలతకీ, తర్వాత ఎన్ని వేశారన్నదానికీ సంబంధం లేదు. తన్నిన తర్వాత ఉంది. పక్కలకి పోగొట్టుకున్నవాళ్ళకి స్తంభాల మధ్య సందు ఇరుకుగా కనిపించింది. బంతి ఎత్తు చాలక పడిపోయినవాళ్ళకి అడ్డబద్ద ఎత్తుగా కనిపించింది.

అడ్డబద్ద ఎత్తుగా కనిపించింది!

ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. బంతి తక్కువ పడ్డవాడికి బద్ద ఎత్తుగా కనిపిస్తే, నెట్టుకి నాలుగు బంతులు కొట్టినవాడికి నెట్టు ఎత్తుగా కనిపించడంలో వింతేముంది? పాతికేళ్ళ తర్వాత అమెరికాలో ప్రయోగం చేసి తెలుసుకున్న మాటని మన అయిదో నంబరు 1984లో, రెఫరీ ముందు నిలబడి, చెయ్యెత్తి చెప్పాడు. మేం నవ్వాం.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగానే ఉంటుంది. కానీ ముందు వరసలో మా సైన్సు మాస్టారు కూర్చున్నారు. ఒక వైపు సాక్ష్యమే చెప్పి దిగిపోతే ఆయన ఊరుకోరు. ఈ ప్రయోగాల మీద పెద్ద తగాదా ఉంది. స్వార్త్‌మోర్ కాలేజీలో ఫ్రాంక్ డర్జిన్ అనే ఆయన 2009లో బరువు సంచి ప్రయోగాన్ని మళ్ళీ చేశారు. సంచి ఎందుకు తగిలిస్తున్నారో చెప్పకపోతే, దీన్ని మోస్తే కొండ నిటారుగా కనిపించాలేమో అని కొందరు విద్యార్థులు ఊహించి, అదే చెబుతారని ఆయన అనుమానం. అందుకని కొందరికి, "ఆ సంచిలో మీ కండరాల కదలిక నమోదు చేసే పరికరాలు ఉన్నాయి, అంతే" అని చెప్పారు. వాళ్ళకి వాలు మరింత నిటారుగా కనిపించలేదు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫైర్‌స్టోన్, షాల్ 2016లో ఇంకా గట్టిగా అన్నారు. చూడటం వేరు, చూసినదాని మీద తీర్పు చెప్పడం వేరు, గుర్తు చేసుకోవడం వేరు. ఆట అయిపోయాక అట్ట చూపించి అడిగితే అది కంటి మాటా, జ్ఞాపకం మాటా అని వాళ్ళ ప్రశ్న.

ఆ ప్రశ్నకి విట్ వెనక్కి తగ్గలేదు. కంప్యూటర్ తెర మీద బంతిని అడ్డుకునే ఆట ఒకటి పెట్టి, బంతి కదులుతుండగానే దాని వేగం అడిగారు. అడ్డుకునే పలక చిన్నదైతే, అదే వేగంతో వచ్చే బంతి మరింత వేగంగా వస్తున్నట్టు తోచింది. తగాదా ఇంకా నడుస్తోంది. నేను ఇంజనీర్ని, ఆ పంచాయితీకి తీర్పరిని కాను. కానీ ఒక్క సంగతి మాత్రం ఏ వైపు గెలిచినా మారదు. నెట్టు ఎత్తుగా ఉందని వాడి కన్నే చెప్పిందో, అలిసిన ఒళ్ళు చెబితే నోరు పలికిందో, ఆ మాట మాత్రం అబద్ధం కాదు. ఆ మాటలో సమాచారం ఉంది. నెట్టు గురించి కాదు, వాడి గురించి.

డ్రిల్లు మాస్టార్లు ఉన్న సభ కాబట్టి కంటి గురించి ఇంకో రెండు సంగతులు చెప్పాలి. మనందరికీ చిన్నప్పటి నుంచీ వినిపించిన మాట, "బంతి మీంచి కన్ను తియ్యకు." బ్యాట్స్‌మన్ నిజంగా అదే చేస్తాడా? లెక్క చూద్దాం. గంటకి 140 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి దాదాపు 39 మీటర్లు. వికెట్ల మధ్య దూరం 20.12 మీటర్లు, బౌలర్ చేతి నుంచి బ్యాటు దాకా సుమారు 18. అంటే అర సెకను లోపల అంతా అయిపోవాలి. మనిషి ఏదైనా చూసి స్పందించడానికే సెకనులో అయిదో వంతు పడుతుంది. ఇక మిగిలిందెంత?

2000లో మైఖేల్ లాండ్, పీటర్ మెక్లియోడ్ అనే ఇద్దరు ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు, కంటిపాప ఎటు తిరుగుతోందో పట్టే కెమెరాని బ్యాట్స్‌మన్ తలకి తగిలించి చూశారు. వేర్వేరు స్థాయిల్లో ఆడే ముగ్గురిని తీసుకున్నారు. ముగ్గురూ బంతి వెంట కన్ను తిప్పడం లేదు! బంతి బయల్దేరినప్పుడు కాసేపు చూస్తారు. తర్వాత కన్ను ఒక్క గెంతు గెంతి, బంతి ఎక్కడ పిచ్ అవుతుందో అక్కడ ముందే కాపు కాస్తుంది. పిచ్ అయ్యాక మళ్ళీ కాసేపు వెంబడిస్తుంది. మంచి బ్యాట్స్‌మన్‌కీ మామూలువాడికీ తేడా ఎక్కడంటే, మంచివాడి కన్ను ఆ గెంతు త్వరగా వేస్తుంది. బంతి ఎక్కడ పడుతుందో వాడికి ముందే తెలుసు. వేల బంతులు ఆడిన ఒళ్ళు చెబితే కన్ను అక్కడికి వెళుతుంది.

2008లో ఇటలీలో అగ్లియోటి బృందం బాస్కెట్‌బాల్‌తో ఇంకోటి చేసింది. ఫ్రీ త్రో వేస్తున్న వీడియోని మధ్యలో ఆపేసి, "ఇది పడుతుందా, పడదా?" అని అడిగారు. ఒక గుంపులో వృత్తి ఆటగాళ్ళు. రెండో గుంపులో కోచ్‌లు, క్రీడా విలేకరులు. మూడో గుంపులో ఆటతో సంబంధం లేనివాళ్ళు. కోచ్‌లూ విలేకరులూ ఆట చూడటంలో ఎవరికీ తీసిపోరు. అయినా ఆటగాళ్ళే ముందుగా పసిగట్టారు. బంతి చేతిని వదలకముందే, వేసేవాడి శరీరం కదలికని బట్టి చెప్పగలిగారు. గట్టు మీద కూర్చుని ఎన్నేళ్ళు చూసినా రానిది, రోజూ చేతులతో వేసేవాడికి వస్తోంది. కన్ను ఒంటరిగా చూడదు. దాని వెనక చెయ్యి, భుజం, మోకాలు అన్నీ కలిసి చూస్తాయి.

మరి కన్నే పోతే? దీనికి మన హైదరాబాద్ మైదానంలోనే ఒక సమాధానం ఉంది. మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ. తర్వాతి కాలంలో రంజీలో హైదరాబాద్ తరఫున ఆడారు కాబట్టి మనవాడనే అనుకుందాం. 1961లో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదంలో ఆయన కుడి కన్ను దాదాపు పోయింది. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్ళు. ఒంటి కన్నుతో దూరం తెలియదు. గ్లాసులో నీళ్ళు పోయబోతే బల్ల మీద పోశానని ఆయనే రాసుకున్నారు. ఆరు నెలలు తిరక్కముందే హైదరాబాద్‌లో ఎం.సి.సి. జట్టు మీద ఆటకి దిగారు. కుడి కంటికి కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటే రెండు బంతులు కనిపించాయి, ఆరేడు అంగుళాల ఎడంలో. ఆయన లోపలి బంతిని ఎంచుకుని కొట్టారు. కాసేపయ్యాక లెన్స్ తీసేసి, ఆ కన్ను మూసుకుని ఆడి 70 పరుగులు చేశారు. ఆ డిసెంబరులోనే టెస్టుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాది మార్చిలో, 21 ఏళ్ళ వయసులో భారత జట్టు కెప్టెన్ అయ్యారు. 46 టెస్టులు, 6 సెంచరీలు, అందులో ఒక డబుల్ సెంచరీ.

ఈ కథ పట్టుదలకి ఉదాహరణగా మనం పిల్లలకి చెబుతుంటాం. నేను దాన్ని ఇంకోలా కూడా చదువుతాను. ఆయన రెండు బంతులు కనిపిస్తున్నాయని తనకి తాను ఒప్పుకున్నారు. ఉన్నది ఒకటే బంతి అని అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా "రెండు కనిపిస్తున్నాయి" అన్న మాటని కొట్టిపారేయలేదు. దాని మీదే పని చేశారు. రెండింట్లో ఏది నమ్మాలో తేల్చుకున్నారు. కనిపించినదాన్ని దాచుకుని ఉంటే ఆ 70 పరుగులు వచ్చేవి కావు.

ఇప్పుడు నా బాకీ దగ్గరికి వస్తాను. మోకాలు నయమై నడక వచ్చాక, మా అయిదో నంబరుకి ఫోన్ చేశాను. వాడు ఊళ్ళోనే వ్యవసాయం చేసుకుంటున్నాడు. ప్రాఫిట్, విట్, అడ్డబద్ద, మొత్తం కథ చెప్పాను. అంతా విని, "ఇది చెప్పడానికి ఫోన్ చేశావా?" అన్నాడు. అవునన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నాడు:

"ఆ ముందు రాత్రి మాకు కరెంటు వంతురా. రెండింటికి ఇచ్చాడు. నాన్నకి జొరం. తెల్లారే దాకా నేనే మడవలు తిప్పా. అటునుంచి అటే స్నానం చేసి బస్సెక్కా. మొదటి సెట్టు ఎట్టా ఆడానో నాకే తెలీదు."

"మరి చెప్పలేదేంరా?"

"నువ్వు అడిగావా?"

ఇంత వయసు వచ్చాక, ఇన్ని కొలతలు తీసిన తర్వాత, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు రెఫరీ తన పని తాను చేశాడు. నెట్టు ఎత్తు కొలిచాడు, సరిగ్గా ఉంది. ఆయన్ని తప్పు పట్టలేం. కానీ నేను కెప్టెన్ని. నేను తీయాల్సిన కొలత ఇంకోటి ఉంది. పొద్దుటి నుంచీ మామూలుగా కనిపించిన నెట్టు ఇప్పుడు వీడికి ఎత్తుగా ఎందుకు కనిపిస్తోంది? ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, మూడో సెట్టులో వాణ్ణి కాసేపు కూర్చోబెట్టి, ఇంకొకణ్ణి దించేవాణ్ణి. ఏమో, గెలిచేవాళ్ళమేమో. గెలవకపోయినా, బస్సులో ఆ పేరు పుట్టేది కాదు. బడిలో అందరికన్నా బాగా ఆడేవాడు పదిహేనేళ్ళకే ఆట మానేసేవాడు కాదు.

ఒరేయ్, నువ్వు ఎక్కడ కూర్చున్నావో నాకు కనిపిస్తోంది. తల దించుకోకు. నన్ను క్షమించు. ఇది ఫోనులోనే చెప్పొచ్చు. కానీ నవ్వింది నలుగురిలో కాబట్టి, ఇదీ నలుగురిలోనే చెప్పాలి.

మాస్టార్లకి పాఠం చెప్పేంతవాణ్ణి కాను. ఒక్క మనవి. బోర్డు మీద అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని, లెక్క పెద్దదిగా ఉందని, గుట్ట మెట్లు నిటారుగా ఉన్నాయని పిల్లవాడెవడైనా అంటే, కొలత చూపించి కూర్చోబెట్టే ముందు ఒక్క మాట అడగండి. రాత్రి నిద్రపోయాడా, పొద్దున తిన్నాడా, కళ్ళు ఒకసారి చూపించారా అని. చాలాసార్లు జవాబు చాలా మామూలుగా ఉంటుంది. కొన్నిసార్లు ఒక కళ్ళజోడు అంత మామూలుగా.

అందుకే పూర్వ విద్యార్థుల సంఘానికి రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, ప్రతి సంవత్సరం బడి తెరిచిన నెలలోనే ఆరు నుంచి పది దాకా పిల్లలందరికీ కంటి పరీక్ష చేయించాలి, అవసరమైనవాళ్ళకి అద్దాలు సంఘమే ఇవ్వాలి. మొదటి ఏడాది ఖర్చు నాది. రెండోది, వాలీబాల్ కోర్టుకి కొత్త స్తంభాలు, కొత్త నెట్టు. అది మా బ్యాచ్ బాధ్యత.

చివరిగా ఒక్క మాట. ఆ రోజు ఫోన్ పెట్టేసే ముందు మావాడు, "నువ్వు ఎన్ని పుస్తకాలు చదివినా సరే, ఆ వైపు నెట్టు ఎత్తుగానే ఉందిరా. ఆ కర్రే తప్పు" అన్నాడు. నా సైన్సంతా వాడి ముందు అక్కరకి రాలేదు. కాబట్టి కొత్త నెట్టుతో పాటు కొత్త కొలత కర్ర కూడా తెప్పించాను. అది ఇప్పుడు డ్రిల్లు మాస్టారి గదిలో ఉంది. దాని మీద ఇంకా గీత గీయలేదు. సభ అయ్యాక, టేపు నేను పట్టుకుంటాను. గీత మాత్రం మా అయిదో నంబరు గీస్తాడు.